ఐదు నెలల కడుపంత గర్భసంచి చిన్న రంధ్రాల్లోంచి ఎలా వస్తుంది?

గడ్డలతో (ఫైబ్రాయిడ్లతో) బాగా పెరిగిపోయిన గర్భసంచిని లాప్రోస్కోపీతో, అంటే చిన్న రంధ్రాల్లోంచి కెమెరా, పరికరాలు దూర్చి తీయడం గురించి ఈ నెల వచ్చిన ఉత్తరాలివి. ఇంట్లోవాళ్లు రాసినవి కొన్ని, డాక్టర్లూ నర్సులూ రాసినవి కొన్ని. డాక్టర్లకు వాళ్ల లెక్కల్లోనే జవాబిచ్చాం. మిగతావాళ్లు ఆ భాగం దాటేసినా నష్టం లేదు. చదివితే మాత్రం మీ సర్జన్‌ని ఏమడగాలో తెలుస్తుంది.

ప్రశ్న: డాక్టరు గారూ, నాకు 46 ఏళ్లు. స్కానింగ్‌లో గర్భసంచి 18 వారాల సైజు ఉందన్నారు. మా ఊళ్లో డాక్టరమ్మ పొట్ట కోయక తప్పదన్నారు. గుంటూరులో ఇంకొకరు లాప్రోస్కోపీతో అయిపోతుందన్నారు. ఎవరి మాట నమ్మాలి?
— ఒక పాఠకురాలు, నరసరావుపేట

జవాబు: ఇద్దరూ నిజమే చెప్పి ఉండొచ్చు. ఈ ఆపరేషన్‌లో సంచి ఎంతుందన్నది ఒక ఎత్తు, చేసే చెయ్యి దేనికి అలవాటు పడిందన్నది ఇంకో ఎత్తు.

ముందు ఆ వారాల లెక్క చూద్దాం. మామూలు సంచి ఏడెనిమిది సెంటీమీటర్ల పొడవుతో, 50 నుంచి 80 గ్రాముల బరువుతో చిన్న జామకాయంత ఉంటుంది. గడ్డలతో పెరిగినప్పుడు, గర్భిణికి ఎన్నో వారంలో సంచి అంత పైకి వస్తుందో దాంతో పోల్చి చెబుతారు. 12 వారాలంటే పొత్తికడుపు కింది ఎముకకు కాస్త పైన చేతికి తగులుతుంది. 16 అంటే ఆ ఎముకకూ బొడ్డుకూ నడిమధ్య, 20 అంటే బొడ్డు దగ్గర. మీది బొడ్డుకు కాస్త కింద దాకా వచ్చి ఉంటుంది.

బరువు ఎంతో మీరే అంచనా వేసుకోవచ్చు. స్కాన్ రిపోర్టులో సంచికి పొడవు, వెడల్పు, మందం అని మూడు కొలతలుంటాయి. మూడింటినీ సెంటీమీటర్లలో గుణించి, వచ్చినదాన్ని మళ్లీ 0.52తో గుణించండి. ఉదాహరణకు 16, 11, 10 ఉంటే దాదాపు 915 గ్రాములు. మామూలు సంచికి పది రెట్లకు పైమాటే.

అయితే బరువొక్కటే తేల్చదు. గడ్డ పైభాగాన ఉండి, రెండు పక్కలా రక్తనాళాల దగ్గరికి దారి ఖాళీగా ఉంటే కిలో సంచి కూడా లొంగుతుంది. గడ్డ కింద గర్భాశయ ముఖద్వారం దగ్గరో, పక్కనున్న పొరల మధ్యకో పెరిగి సంచిని మేకు కొట్టినట్టు బిగించేస్తే 14 వారాలదైనా ఏడిపిస్తుంది. అందుకే స్కాన్ చూసినంత మాత్రాన తేల్చకూడదు. చేత్తో పరీక్ష చేసి, సంచి పక్కలకు ఎంత కదులుతోందో చూడాలి. పాత ఆపరేషన్లు, ఎండోమెట్రియోసిస్ (సంచి లోపలి పొరలాంటిది బయట పెరిగే జబ్బు) ఉన్నాయేమో అడగాలి.

మీరు సర్జన్‌ని అడగాల్సినవి: ఇంత సైజువి ఏడాదికి ఎన్ని చేస్తారు? రక్తనాళాలను మొదట్లోనే మూసేస్తారా? సంచిని బయటికి ఎలా తీస్తారు? మూడో ప్రశ్నకు తడుముకోకుండా జవాబొస్తే పనిలో అనుభవం ఉన్నట్టే. పెద్ద సంచిని కోసి విడదీయడం సగం ఆపరేషన్, బయటికి తేవడం మిగతా సగం.

ఇంకో మాట, మీరు అడక్కపోయినా. రక్తం పోవడం, మూత్రానికి అడ్డం, నొప్పి లాంటివేవీ లేకపోతే సైజు చూసి భయపడి తీయించుకోనక్కర్లేదు. నెలసరి ఆగాక ఈ గడ్డలు చాలామందిలో కుంచించుకుపోతాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తంమీద నూటికి ముగ్గురు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఎనిమిదికి పైనే. ఆ తేడా అంతా గడ్డల వల్ల వచ్చిందంటే మేం నమ్మం.

ప్రశ్న: నా భార్యకు హిమోగ్లోబిన్ 7.2 ఉంది. బరువు 55 కిలోలు. ఆపరేషన్ ఇప్పుడే వద్దు, మూడు నెలలు ఇంజెక్షన్లు చేద్దామన్నారు. ఇది కాలయాపన కాదా? రక్తం ఎక్కించి చేసేయొచ్చు కదా?
— ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: కాలయాపన కాదు. పెద్ద సంచి ఆపరేషన్‌లో రక్తం పోయే అవకాశం ఎక్కువ కాబట్టి, కనీసం 10 గ్రాములతో టేబుల్ ఎక్కడం క్షేమం. రక్తస్రావం ఆగకుండా ప్రాణం మీదకు వస్తే ఎక్కించక తప్పదు. వ్యవధి ఉన్నప్పుడు మాత్రం సొంత రక్తం పెంచుకోవడమే మేలు.

ఎంత ఐరన్ కావాలో తేల్చే లెక్క ఇది: శరీర బరువును, పెరగాల్సిన హిమోగ్లోబిన్‌ను, 2.4ను గుణించి 500 కలపాలి. మీ ఇంటావిడ 12కి చేరాలంటే 55ను 4.8తో, ఆపైన 2.4తో గుణిస్తే 634, దానికి 500 కలిపితే 1134 మిల్లీగ్రాములు. ఇంత ఐరన్ మాత్రలతో చేరాలంటే నెలలు పడుతుంది, ఈలోగా ప్రతి నెలసరికీ మళ్లీ కారిపోతుంది. ఫెర్రిక్ కార్బాక్సీమాల్టోజ్ అయితే 1000 మిల్లీగ్రాములు ఒకే విడతలో సెలైన్‌లో కలిపి పావుగంటలో ఎక్కిస్తారు, మిగతాది వారం ఆగి ఇస్తారు. మూడు నాలుగు వారాల్లో రెండు మూడు గ్రాములు పెరగడం మామూలే.

మూడు నెలల ఇంజెక్షన్లంటే బహుశా ల్యూప్రొలైడ్. 3.75 మిల్లీగ్రాములు నాలుగు వారాలకోసారి. ఇది అండాశయాలను తాత్కాలికంగా నిద్రపుచ్చుతుంది. నెలసరి ఆగుతుంది, సంచి మూడో వంతు నుంచి సగం దాకా తగ్గుతుంది. మొదటి ఇంజెక్షన్ తర్వాత ఒకటి రెండు వారాలు రక్తస్రావం పెరిగినట్టు కనిపించొచ్చు. మందు పని చేయడం లేదని ఆపేయకండి, దాని నడకే అంత. ఒళ్లంతా సెగలు, రాత్రి చెమటలు కూడా వస్తాయి. చివరి డోసు ప్రభావం ఉండగానే ఆపరేషన్ చేయించాలి. పెళ్లిళ్లూ పండగలూ అని వాయిదా వేస్తే కొద్ది నెలల్లోనే గడ్డలు మళ్లీ పెరుగుతాయి, పెట్టిన ఖర్చు వృథా. రక్తం 11 ఉండి, సంచి కూడా అందుబాటు సైజులోనే ఉన్నవాళ్లకు ఈ ఇంజెక్షన్లు రాయడం మాకు నచ్చదు.

ఈ గడువులోనే పాప్ పరీక్ష (గర్భాశయ ముఖద్వారం క్యాన్సర్ కోసం చేసేది), గర్భసంచి లోపలి పొర ముక్క పరీక్ష చేయించేయండి. ముఖ్యంగా 45 దాటి రక్తస్రావం ఉన్నవారికి అది లేకుండా ఆపరేషన్‌కు వెళ్లకూడదు.

ప్రశ్న: నేను గైనకాలజీ పీజీని. సంచి బొడ్డు దాటినప్పుడు పోర్టులు (పరికరాలు దూర్చే రంధ్రాలు) ఎక్కడ వేయాలో ఒక్కో సీనియర్ ఒక్కోలా చెబుతున్నారు. దీనికి పద్ధతి ఏమైనా ఉందా?
— తిరుపతి నుంచి

జవాబు: ఉంది. మత్తు ఇచ్చాక, కండరాలు వదులయ్యాక మరోసారి చేత్తో చూసి, సంచి పైఅంచు ఎక్కడుందో చర్మం మీద మార్కర్‌తో గీయండి. పోర్టుల లెక్క బొడ్డు నుంచి కాదు, ఈ గీత నుంచి మొదలవ్వాలి. టెలిస్కోప్ మొన ఆ గీతకు కనీసం నాలుగైదు వేళ్ల పైన ఉండాలి. లేకపోతే తెర మీద గులాబీరంగు గోడ తప్ప ఇంకేమీ కనిపించదు.

20 వారాల దాకా బొడ్డుకు పైన, రొమ్ము ఎముక చివరకూ బొడ్డుకూ మధ్యలో కెమెరా పోర్టు వేస్తే సరిపోతుంది. దాన్నే లీ-హువాంగ్ పాయింట్ అంటారు. లోపలికి తొలి ప్రవేశం మాత్రం పామర్ పాయింట్ నుంచి చేయడం మంచిది. ఎడమ పక్కటెముకల అంచుకు 3 సెంటీమీటర్ల కింద, కాలర్ ఎముక మధ్యనుంచి దిగే గీత మీద. ముందు నోటి గొట్టం వేసి కడుపు ఖాళీ చేయించండి, ఇది మర్చిపోతే సూది జీర్ణాశయంలోకే పోతుంది. ప్లీహం పెరిగినవాళ్లకు, అక్కడ పాత ఆపరేషన్ ఉన్నవాళ్లకు ఈ చోటు వద్దు. పొట్టలోకి గ్యాస్ ఎక్కించే వెరెస్ సూదిని నిటారుగా దించండి. గ్యాస్ మొదలవగానే ఒత్తిడి 10 మిల్లీమీటర్లకు లోపు చూపిస్తే సరైన చోట ఉన్నట్టు. ప్రవేశం అయ్యేదాకా టేబుల్ సమతలంగానే ఉండాలి. ముందే తల దించేస్తే పెద్ద రక్తనాళాలు సూది దారిలోకి తిరుగుతాయి. ట్రోకార్ (పోర్టు వేసే మొనదేలిన గొట్టం) దించేటప్పుడు ఒత్తిడి 20 దాకా పెంచి, తర్వాత 12-15కి తగ్గించండి. 5 మిల్లీమీటర్ల టెలిస్కోప్‌తో లోపల చూసుకుని, మిగతావన్నీ కంటితో చూస్తూ వేయండి.

పక్క పోర్టుల దగ్గరే ఎక్కువమంది తప్పు చేస్తారు. మామూలు సంచికి అలవాటైన చోట, తుంటి ఎముక పక్కనే వేస్తే పరికరం నేరుగా సంచికి గుచ్చుకుంటుంది, పక్కన ఉన్న రక్తనాళాల కాడ అందదు. వాటిని బొడ్డు ఎత్తుకు, అవసరమైతే ఇంకా పైకి జరపాలి. పొట్టగోడలో నడిచే ఎపిగాస్ట్రిక్ నాళాలకు ఎప్పుడూ బయటి పక్కనే. మరీ పైకి జరిపితే చివర్లో యోని పైకొన కుట్టేటప్పుడు సూది పట్టే పరికరం అక్కడికి చేరదు. దానికి విరుగుడు రెండు రకాలు: 45 సెంటీమీటర్ల పొడవాటి పరికరాలు, లేదా సంచిలో కొంత తగ్గించాక కింద ఇంకో 5 మిల్లీమీటర్ల పోర్టు. ఒక రంధ్రం ఎక్కువైందని పేషెంటు ఎప్పుడూ గొడవ పెట్టదు. మొహమాటం సర్జన్‌కే.

టెలిస్కోప్ 30 డిగ్రీలదే వాడండి. నేరుగా చూసే సున్నా డిగ్రీలది సంచి ముందువైపుతో ఆగిపోతుంది. 30 డిగ్రీలదాన్ని తిప్పితే మూల చుట్టూ వంగి, పక్కనున్న రక్తనాళాలు చూపిస్తుంది.

ప్రశ్న: పైనుంచి ఒక్కో కాడా కట్ చేసుకుంటూ యుటెరైన్ ఆర్టరీ (సంచికి రక్తం తెచ్చే ధమని) దగ్గరికి వచ్చేలోపే ఫీల్డ్ ఎర్రబడిపోతోంది. 18 వారాలు దాటినవాటిలో రెండుసార్లు ఓపెన్ చేయాల్సి వచ్చింది. ఎక్కడ పొరపాటు?
— ఒక డాక్టరు, నిజామాబాద్

జవాబు: పొరపాటు వరుసలో ఉంది. చిన్న సంచికి పైనుంచి కిందికి రావడం సరిపోతుంది. పెద్దదానికి కింద కుళాయి కట్టేయకుండా పైన గొట్టం కోసినట్టవుతుంది. అండాశయం వైపు కాడను మూసి కోసినా, సంచి వైపు మొన నుంచి యుటెరైన్ రక్తం వెనక్కి కారుతూనే ఉంటుంది. పెద్ద గడ్డల మీద సిరలు చిటికెనవేలంత లావున ఉబ్బి ఉంటాయి, వాటిని ఫోర్సెప్స్ గీరినా చాలు. అందుకే మొదటి పని యుటెరైన్ ఆర్టరీని అది పుట్టే చోటే మూసేయడం.

దారి ఇది. రౌండ్ లిగమెంట్, అండాశయ రక్తనాళాల కాడ, ఎక్స్‌టర్నల్ ఇలియాక్ నాళాలు, ఈ మూడింటి మధ్య త్రిభుజంలా ఉన్న పొరను కాడకు సమాంతరంగా తెరవండి. లోపల దూదిలా వదులు కణజాలం ఉంటుంది, గ్యాస్ దూరి అదే విచ్చుకుంటుంది. మొదట యురేటర్‌ని (కిడ్నీ నుంచి మూత్రసంచికి వెళ్లే గొట్టాన్ని) కళ్లతో చూడాలి. కామన్ ఇలియాక్ రెండుగా చీలే చోట అది కటిలోకి దిగి, పొర లోపలి రెక్కకు అంటుకుని ఉంటుంది. మెల్లగా తాకితే వానపాములా పాకుతుంది. రక్తనాళం పాకదు, కొట్టుకుంటుంది. ఎడమవైపు సిగ్మాయిడ్ పేగు కప్పేస్తుంది కాబట్టి కుడివైపు మొదలుపెట్టడం తేలిక. యురేటర్ ఏదో తేలాక, ముందు పొట్టగోడ మీద కనిపించే మూసుకుపోయిన బొడ్డు ధమని తాడును పట్టి లాగండి. లోతులో కదిలేది ఇంటర్నల్ ఇలియాక్ ముందు శాఖ. ఆ తాడు వెంట వెనక్కి వస్తే, లోపలివైపు తిరిగి యురేటర్ మీదుగా దాటే కొమ్మ యుటెరైన్ ఆర్టరీ. అక్కడ క్లిప్ వేయండి లేదా బైపోలార్ అనే కరెంటు పరికరంతో కాల్చండి, కోయక్కర్లేదు. బైపోలార్ అయితే యురేటర్‌ని పక్కకు జరిపి ఉంచాలి. వేడి కంటికి కనిపించదు, గొట్టం పది రోజుల తర్వాత చిల్లు పడుతుంది. రెండోవైపూ అయ్యాక సంచి ఎర్రదనం పోయి పాలిపోతుంది. అది చూశాకే పైకాడల జోలికి వెళ్లండి.

గడ్డ పక్కకు పెరిగి త్రిభుజం కనిపించకపోతే రక్తనాళాలను బిగించే మందు వేసోప్రెసిన్ ఆదుకుంటుంది. 20 యూనిట్ల ఆంపూల్‌ని 200 మిల్లీలీటర్ల సెలైన్‌లో కలిపితే మిల్లీలీటరుకు 0.1 యూనిట్. గడ్డ కవచం కింద సూది దింపి, వెనక్కి లాగి రక్తం రాలేదని చూసుకుని, 40-50 మిల్లీలీటర్ల దాకా మెల్లగా ఎక్కించండి. ఎక్కించే ముందు మత్తు డాక్టరుకు చెప్పి తీరాలి. నేరుగా రక్తంలోకి పోతే బీపీ ఎగిసి, నాడి పడిపోయి, గుండె ఆగిన సందర్భాలున్నాయి. గుండెజబ్బు, అదుపులో లేని బీపీ ఉంటే అసలు వద్దు. తెల్లబడ్డ గడ్డను అడ్డంకోత పెట్టి ఊడదీస్తే, దాని వెనక దాగిన దారి బయటపడుతుంది.

సంచిని కదపడానికి యోని వైపు పెట్టే పరికరం, మానిప్యులేటర్, ఇంత బరువును కదపలేదు. పైనుంచి గడ్డలోకి మయోమా స్క్రూ (మరలాంటి పరికరం) బిగించి, పనిచేసే పక్కకు ఎదురుదిక్కులో లాగించండి. స్క్రూ దిగిన చోటా రక్తం వస్తుంది కాబట్టి నాళాలు మూశాకో, వేసోప్రెసిన్ ఇచ్చాకో బిగించాలి. కింద మానిప్యులేటర్ కప్పును మాత్రం గట్టిగా పైకి నెట్టి ఉంచాలి. అలా నెట్టినప్పుడే యురేటర్లు పక్కకు తొలగుతాయి.

ప్రశ్న: నాకు రెండు కాన్పులూ సిజేరియన్లే. మూత్రసంచి గర్భసంచికి అతుక్కుని ఉంటుందని, లాప్రోస్కోపీలో తెగుతుందని భయపెడుతున్నారు.
— ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: అతుకు ఉంటుందనుకోవడం సబబే. 2019-21 సర్వేలో తెలంగాణ కాన్పుల్లో నూటికి 60 సిజేరియన్లేనని తేలింది, కాబట్టి ఇది మీ ఒక్కరి సమస్య కాదు. పాత కుట్టు సరిగ్గా మధ్యలో ఉంటుంది, అతుకూ అక్కడే గట్టి. పక్కల మెత్తగానే ఉంటుంది. తెలిసిన సర్జన్ మధ్యలో గుచ్చకుండా, రెండు పక్కలనుంచీ లోపలికి దారి చేసుకుంటూ వచ్చి, చివర్లో మిగిలిన అతుకును కత్తెరతో కోస్తారు. దూదిఉండతో నెట్టి ఊడదీయబోతే చిరిగేది మూత్రసంచే. కత్తెరతో కోస్తే అంచు తెలుస్తుంది. అనుమానం వస్తే క్యాథెటర్ (మూత్రపు గొట్టం) ద్వారా 200 మిల్లీలీటర్ల నీలిరంగు సెలైన్ నింపి చూస్తారు, మూత్రసంచి అంచు ఎక్కడుందో తెలిసిపోతుంది, చిల్లు పడితే నీలం కారుతుంది.

ఒకవేళ తెగినా అప్పుడే చూసి రెండు పొరల్లో కుట్టేసి, క్యాథెటర్ వారం నుంచి రెండు వారాలు ఉంచితే చాలావరకు మచ్చ లేకుండా మానుతుంది. తెగడం కన్నా తెగినట్టు గమనించకపోవడం పెద్ద ప్రమాదం. పొట్ట కోసి చేసినా ఈ అతుకు అక్కడే ఉంటుంది, అది కూడా గుర్తుంచుకోండి.

ప్రశ్న: అమ్మ రాజమహేంద్రవరంలో ఉంటుంది, వయసు 49. సంచిని లోపల ముక్కలు చేసి తీస్తామన్నారు. ఇక్కడ అమెరికాలో దాన్ని ఆపేశారని విన్నాను. క్యాన్సర్ పాకుతుందంటున్నారు, నిజమేనా?
— ఒక పాఠకురాలు, డాలస్

జవాబు: పూర్తిగా ఆపలేదు, గట్టి హద్దులు పెట్టారు. 2014 ఏప్రిల్‌లో అక్కడి మందుల, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరిక ఇచ్చింది. ఫైబ్రాయిడ్లని నమ్మి ఆపరేషన్ చేయించుకున్నవాళ్లలో దాదాపు 350 మందికి ఒకరిలో గుర్తించని సార్కోమా (సంచి కండరంలో పుట్టే క్యాన్సర్) ఉండొచ్చని అప్పటి అంచనా. ఆ సంఖ్య ఎక్కువ చెప్పారని వాదించిన డాక్టర్లున్నారు. భయానికి ఆధారం మాత్రం నిజమే. కరెంటుతో తిరిగి సంచిని ముక్కలు చేసే యంత్రం, మోర్సెలేటర్, మూట లేకుండా వాడితే ముక్కల్ని పొట్టలో నలుమూలలా చిమ్ముతుంది. క్యాన్సర్ ఉంటే దాన్నీ చిమ్ముతుంది. మామూలు గడ్డ ముక్కైనా పేగు మీద అతుక్కుని మళ్లీ పెరిగిన సందర్భాలున్నాయి. నెలసరి ఆగినవాళ్లకూ 50 దాటినవాళ్లకూ ఆ యంత్రం వాడొద్దని, వాడితే సంచిని మూటలో పెట్టే వాడాలని ఎఫ్‌డీఏ చెప్పింది.

కాబట్టి అడగాల్సింది ‘ముక్కలు చేస్తారా’ అని కాదు, ‘దేనిలో పెట్టి చేస్తారు’ అని. పద్ధతి ఇలా ఉంటుంది. విడదీసిన సంచిని లోపలే గట్టి ప్లాస్టిక్ మూటలోకి దింపుతారు. మూట నోరు యోని గుండా గానీ, బొడ్డు దగ్గర 3-4 సెంటీమీటర్ల కోత గుండా గానీ బయటికి లాగి అంచు చుట్టూ విప్పుతారు. ఆపైన సర్జన్ మామూలు కత్తితో, పంజాలాంటి ఫోర్సెప్స్‌తో గడ్డను పట్టి, ఇంగ్లిష్ సీ అక్షరంలా వంపు కోత పెడుతూ తొక్క తెగకుండా బత్తాయి వలిచినట్టు పొడుగాటి పట్టీగా లాగుతారు. కిలో సంచికి అరగంట, ముప్పావుగంట పట్టొచ్చు. తొందరపడి మూటకు కత్తి తగిలించారంటే చేసినదంతా వృథా. యోని గుండా వస్తే పొట్ట మీద గాటు పెరగదు. కాన్పులు మామూలుగా అయినవాళ్లకు ఆ దారి వీలుగా ఉంటుంది.

ఒక చిక్కు చెప్పాలి. లోపలి పొర ముక్క పరీక్ష మామూలుగా వచ్చినా, గోడలోని సార్కోమా లేదని పూర్తిగా తేలదు. నెలసరి ఆగాక గడ్డ పెరుగుతుంటే, ఎంఆర్ఐలో అనుమానం ఉంటే, ముక్కల మాట మర్చిపోయి పొట్ట కోసి మొత్తంగా తీయించండి. అక్కడ పెద్ద కోతే సరైన కోత.

ప్రశ్న: లాప్రోస్కోపీ మొదలుపెట్టి మధ్యలో పొట్ట కోశారు. అంటే డాక్టరు ఫెయిలైనట్టేనా?
— ఒక పాఠకుడు, భీమవరం

జవాబు: కాదు. కుదరదని తెలిసినా కోయకుండా మూడు గంటలు లాగి, రెండు లీటర్ల రక్తం పోయాక కోస్తే అది ఫెయిల్. ఆపరేషన్‌కు ముందు సంతకం పెట్టే కాగితంలో ఈ మాట ఉంటుంది, చదివి పెట్టండి.

ప్రశ్న: అండాశయాలు కూడా తీసేయమన్నారు. నాకు 43.
— ఒక పాఠకురాలు, నల్లగొండ

జవాబు: అండాశయాలు బాగుండి, ఇంట్లో రొమ్ము, అండాశయ క్యాన్సర్లు లేకపోతే ఉంచుకోండి. ‘ఎలాగూ తెరిచాం కదా’ అన్నది కారణం కాదు. తీసేస్తే ఒక్కసారిగా ముట్లు ఆగిన లక్షణాలొస్తాయి, ఎముకలకూ గుండెకూ నష్టం. ట్యూబులు మాత్రం తీయించేయడం మంచిది. అండాశయ క్యాన్సర్లలో చాలావాటికి మొదలు ట్యూబు చివర్లోనే.

ప్రశ్న: లాప్రోస్కోపీతో సంచి తీసి అయిదో రోజు. నొప్పి లేదు. ఇంటి పని మొదలుపెట్టొచ్చా?
— ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: నొప్పి లేకపోవడమే ఇక్కడ ఇబ్బంది తెచ్చిపెడుతుంది. పైన నాలుగు చిన్న గాట్లే కనిపిస్తాయి, లోపల యోని పైకొన మీద కుట్టు ఉందని మనిషి మర్చిపోతుంది. ఆ కుట్టు విడిపోయే ప్రమాదం పొట్ట కోసిన ఆపరేషన్ కన్నా లాప్రోస్కోపీలోనే కాస్త ఎక్కువ. యోనిని కరెంటుతో కోస్తారు కాబట్టి అంచు కొంత కాలి ఉంటుంది. అందుకే సర్జన్లు అంచు నుంచి సెంటీమీటరు లోపలికి సూది దింపి కుడతారు.

మెట్లు ఎక్కండి, నడవండి, వంట చేసుకోండి. నీళ్ల బిందె, గ్యాస్ సిలిండర్, బియ్యం బస్తా, మనవడు, వీటిలో దేన్నీ ఆరు వారాలు ఎత్తొద్దు. దాంపత్యం కనీసం ఎనిమిది వారాలు, అదీ డాక్టరు లోపల చూసి సరేనన్నాక. ముక్కుతూ విరేచనానికి కూర్చునే పరిస్థితి రాకుండా మందు అడగండి.

వీటిలో ఏదొచ్చినా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి: యోని నుంచి నీళ్లలా ధార, ముఖ్యంగా వారం పది రోజులకు. యురేటర్‌కు గానీ మూత్రసంచికి గానీ కాలిన గాయం చిల్లు పడే సమయం అదే. నడుము పక్కన నొప్పితో చలిజ్వరం. రోజురోజుకూ తగ్గాల్సిన పొట్ట ఉబ్బరం పెరుగుతూ వాంతులు. ఒక్కసారిగా ఎర్రటి రక్తం, లేదా కింద ఏదో జారినట్టు అనిపించడం. పిక్కలో వాపు, నొప్పి. లేత గోధుమరంగు స్రావం కొద్దికొద్దిగా మూడు నాలుగు వారాలు ఉంటే కంగారు పడొద్దు. కుట్టుదారం కరిగేటప్పుడు అలాగే ఉంటుంది.

ప్రశ్న: థియేటర్ స్టాఫ్ నర్సుని. పెద్ద సంచి కేసని చెబితే ట్రాలీ మీద అదనంగా ఏమేం పెట్టుకోవాలి?
— విజయనగరం నుంచి

జవాబు: ఈ ప్రశ్న సర్జన్లే అడగాల్సింది. ఓపెన్ సెట్ లెక్క చూసి, విప్పకుండా పక్కనే పెట్టుకోండి. రెండు యూనిట్ల రక్తం క్రాస్‌మ్యాచ్ అయిందో లేదో థియేటర్‌లోకి రాకముందే ఫోన్ చేసి కనుక్కోండి. 5 మిల్లీమీటర్ల మయోమా స్క్రూ, క్లిప్ అప్లికేటర్‌తో పాటు క్లిప్పులు, పొడవాటి నీడిల్ హోల్డర్, పెద్ద సైజు మూట. ఆ మూట కవరు మీద కొలత చదవండి, ట్యూబు తీసే చిన్న మూట తెచ్చి పెట్టడం తరచూ జరిగే పొరపాటు. వేసోప్రెసిన్ కలిపాక బాటిల్ మీద మందు పేరు, ఎన్ని యూనిట్లు, ఎంత సెలైన్, కలిపిన సమయం రాయకుండా టేబుల్ మీద పెట్టకండి. అది మామూలు సెలైన్‌లాగే ఉంటుంది.

యోని తెరవగానే గ్యాస్ అంతా పోయి తెర మూసుకుపోతుంది. గ్లౌజులో తడి గాజుగుడ్డ (గాజ్) కుక్కి, మూతి ముడేసి రెండు సిద్ధంగా ఉంచండి, కింద బిరడాలా పెట్టడానికి. లోపలికి వెళ్లే గాజుగుడ్డలన్నీ లెక్కలో ఉండాలి, గ్లౌజులో ఉన్నవి కూడా.

ఆఖరున సంచిని ఫార్మలిన్‌లో వేయకముందే తూకం వేసి కేసు షీటులో రాయండి. మామూలు జాడీ చాలదు. మూతున్న బకెట్ కావాలి, సంచికి పది రెట్లు 10 శాతం ఫార్మలిన్ పట్టేది. ముక్కలన్నీ ఒకే బకెట్‌లో వేసి, ‘మూటలో ముక్కలు చేసి తీసింది, మొత్తం బరువు ఇంత’ అని లేబుల్ మీద రాయండి. లేబుల్ మూత మీద అంటించకండి. ల్యాబ్‌లో మూతలు మారిపోతాయి. బకెట్ ఒంటికే అంటించండి.